శ్రమ లేకుండా పిల్లలకు కాఫీ, టీ అలవాటు చేసే చిట్కాలు

పిల్లలకు కాఫీ, టీ ఏ వయసులో మొదలుపెట్టాలన్నది నిజానికి చిక్కుప్రశ్నే కాదు. దాన్ని చిక్కు చేసింది డాక్టర్లు. పిల్లల వైద్యుల సంఘం ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2019లో ఒక లెక్క చెప్పింది. అయిదేళ్లలోపు వద్దే వద్దు. అయిదు నుంచి తొమ్మిదేళ్ల వరకు రోజుకు మహా అయితే అరకప్పు. పదేళ్లు దాటాక ఒక కప్పు. వినడానికి బాగానే ఉంది. కానీ ఆ అరకప్పు కొలిచేదెవరు? మిగతా అరకప్పు కోసం వాడు నేలమీద పడి దొర్లుతుంటే లేపేదెవరు? ఆ సంఘంవాళ్లు మన ఇంటికొచ్చి లేపుతారా?

అందుకే మన వీధుల్లో, మన చుట్టాలిళ్లలో సుఖంగా ఉన్న తల్లిదండ్రులను గమనించి, వాళ్లు పాటించే పద్ధతులన్నీ ఒకచోట చేర్చాను. అన్నిటికీ మూలసూత్రం ఒక్కటే. చూడాల్సింది పిల్లాడి వయసు కాదు, మీ ఓపిక. వాడి ఏడుపు భరించడం కన్నా గ్లాసు చేతికివ్వడం తేలిక అనిపించిన క్షణమే సరైన ముహూర్తం. కొందరికది ఏడో ఏట వస్తుంది. ఓపిక తక్కువున్న అదృష్టవంతులకు ఏడాదిన్నరకే వచ్చేస్తుంది.

1. నిర్ణయం తీసుకోకండి

భార్యాభర్తలిద్దరూ కూర్చుని "బాబుకి పదేళ్లొచ్చేదాకా ఇవ్వొద్దు" అనుకున్నారంటే మీ సుఖం అక్కడితో పోయినట్టే. ఆ మాట మీద నిలబడాలి. చుట్టాలొస్తే వాళ్లకీ చెప్పాలి. పండక్కి ఊరెళ్తే అక్కడా కాపలా కాయాలి. అసలేమీ అనుకోకపోతే తప్పేదీ లేదు, తప్పిందని బాధా లేదు. ఎవరైనా నిలదీస్తే అనడానికి మాత్రం చెరొక మాట సిద్ధంగా పెట్టుకోండి. నాన్న అనాల్సింది: "నాకేం తెలుసు, వాళ్లమ్మే అలవాటు చేసింది." అమ్మ అనాల్సింది: "వాళ్ల నాన్న పోలికేనండీ, వట్టి పాలు ముట్టడు." ఇద్దరూ ఒకేచోట ఉన్నప్పుడు ఒకరు మాట్లాడుతుంటే రెండోవాళ్లు వంటింట్లోకి వెళ్లిపోవాలి. అంతే.

2. అడుగు గుక్కతో మొదలుపెట్టండి

గ్లాసు నిండా ఇస్తే ఇచ్చినట్టు లెక్క. అడుగున మిగిలిన గుక్క ఇస్తే అది లెక్కలోకి రాదు. ఈ తేడా బాగా గుర్తుపెట్టుకోండి, రేపు డాక్టరు దగ్గర పనికొస్తుంది.

ఆ గుక్కలోనే అసలు రహస్యముంది. మనం తొందరగా తాగేస్తాం కనక పంచదార సగం కరగకుండానే అడుక్కి దిగుతుంది. పిల్లాడు స్టీలు గ్లాసు తలకిందులు చేసి, మెడ వెనక్కి వంచి ఎదురుచూస్తాడు. అడుగున గోధుమరంగులో పాకంలా ఉన్నది మెల్లగా అంచు దాకా జారి నాలిక మీద పడుతుంది. చాలకపోతే చూపుడువేలు లోపలికి పోనిచ్చి గీకుతాడు. ఆ కళ్లలో వెలుగు చూడండి! వాడికి నచ్చింది పంచదార. కానీ ఆ తీపితో పాటు కాఫీ వాసన కూడా మనసులో ముద్రపడిపోతుంది. ఇక దాన్ని చెరపడం ఎవరి తరమూ కాదు. కాబట్టి పంచదార పొరపాటున కూడా బాగా కలపకండి. ఇంకో చెంచా ఎక్కువే వేయండి. మీకు షుగరుందా? అయినా వేయండి, పిల్లాడి కోసం తప్పదు.

మొక్కై వంగనిది మానై వంగదని పెద్దలు అన్నారు. ఎంత లేత మొక్కైతే అంత తేలిక.

3. దాన్ని పాలు అనండి

పిల్లాడు పాలు తాగనని మొరాయిస్తున్నాడా? ఇంతకన్నా మంచి అవకాశం దొరకదు. పాలల్లో ఒక చెంచా డికాషన్ కలపండి. రంగు కూడా పెద్దగా మారదు, కాస్త దంతం రంగు వస్తుంది. వారం తర్వాత రెండు చెంచాలు. నెల తిరిగేసరికి నాలుగు. పండగ వచ్చేసరికి పాల గ్లాసు, కాఫీ గ్లాసు పక్కపక్కన పెడితే ఏది ఎవరిదో మీకే తెలియకూడదు. అప్పుడు పని పూర్తయినట్టు.

పేరు మాత్రం మార్చకండి. "చిన్నా, పాలు తాగావా?" అనే పిలవాలి. బడివాళ్లు ఫారంలో "రోజూ పాలు తాగుతాడా?" అని అడిగితే ధైర్యంగా టిక్ పెట్టండి. ఎంత తాగుతాడని అడిగితే "రోజుకు మూడు గ్లాసులు" అని చెప్పండి. అందులో అబద్ధమేముంది?

డికాషన్ కలపడం బరువనిపిస్తే ఇన్‌స్టంట్ పొడి వాడండి. చిన్న ప్యాకెట్ పళ్లతో చింపి పోసేయొచ్చు. ఇంకో సౌకర్యమేమిటంటే కొన్నాళ్లకు పిల్లాడే స్టూలెక్కి డబ్బా అందుకుంటాడు. తెలివి పెరుగుతోందని సంతోషించండి.

4. పెద్దవాళ్లను ముందు పెట్టండి

ఇంట్లో నానమ్మో, అమ్మమ్మో ఉంటే మీ అదృష్టం పండింది. తెల్లవారుజామున ఆవిడ లేచి, ఫిల్టరు దిగలేదని మూత మీద చెంచాతో టకటకా కొడుతుంటుంది. ఆ చప్పుడుకి పిల్లాడు కూడా లేచిపోతాడు. మీరు దుప్పటి ముసుగు తీయకండి. ఆవిడ డబరాలో కాస్త వంచి, ఊది, "అమ్మకి చెప్పకురా కన్నా" అని వాడి చేతిలో పెడుతుంది. మీకు తెలుసు, తెలియనట్టు పడుకోండి. ఇలా మూడేళ్లు గడపొచ్చు.

ఎప్పుడైనా గొడవైతే తప్పు ఆవిడ మీదికి వెళ్తుంది. "అత్తయ్యగారూ, నేనెన్నిసార్లు చెప్పాను?" అని ఒక్కమాట అంటే చాలు. ఆవిడ పాపం గొడవ పెంచదు, తన గ్లాసు తను కడుక్కుని వెళ్లిపోతుంది. మర్నాడు మళ్లీ ఇస్తుంది. పెద్దవాళ్ల ప్రేమను ఇంత చక్కగా వాడుకునే వీలు ఇంకెక్కడా లేదు.

ఊళ్లో తాతయ్య ఉంటే సాసరు పద్ధతి నేర్పించండి. టీ సాసర్లో పోసి ఊదుకుంటూ జుర్రడం. సాసర్లో పోసినది కొంచెమే కనిపిస్తుంది కాబట్టి ఎన్ని సాసర్లయ్యాయో ఎవరూ లెక్కపెట్టరు.

5. టిఫిన్ చేసే బాధ తప్పించుకోండి

పొద్దున్నే ఇడ్లీ పిండి రుబ్బి ఉందా లేదా, చట్నీకి పల్లీలున్నాయా లేవా అన్న తలనొప్పి మనకెందుకు? ఒక గ్లాసు టీ, నాలుగు బిస్కెట్లు. పిల్లాడు బిస్కెట్ ముంచుతాడు. సరిగ్గా తీయాల్సిన క్షణం దాటిపోతుంది, సగం విరిగి లోపల పడిపోతుంది. చెంచా పెట్టి దేవుతాడు, దొరకదు, చివరికి ముద్దయినదాన్ని టీతో సహా తాగేస్తాడు. పావుగంట ఆ పనిలో ఉంటాడు, మీరు పేపరు చదువుకోవచ్చు. కడుపు నిండినట్టే ఉంటుంది కనుక టిఫిన్ అడగడు. రస్కు, బన్ను కూడా ఇదే పని చేస్తాయి.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు ఇంకా వెసులుబాటు. ఆదివారం పొద్దున ఇంటిల్లిపాదినీ చార్మినార్ దాకా తీసుకెళ్లి ఇరానీ చాయ్ తాగించి, ఉస్మానియా బిస్కెట్లు తినిపించి "మన సంస్కృతి నేర్పిస్తున్నాం" అనండి. సంస్కృతి అన్నాక ఎవరూ నోరెత్తరు. అటు విశాఖ వైపున్నవాళ్లు అరకు పేరు చెప్పొచ్చు. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంతకు రెండేళ్ల ముందే 2017లో ప్యారిస్‌లో అరకు కాఫీ దుకాణం తెరిచారు. "ఫ్రాన్సువాళ్లు తాగుతుంటే మన గిరిజన రైతు పండించింది మన పిల్లలు తాగొద్దా?" అని గట్టిగా అడగండి. ఇంట్లో మీరు వాడేది వేరే కంపెనీ చికోరీ కలిపిన పొడి అయినా ఫరవాలేదు, ఎవరూ డబ్బా చూపించమనరు.

6. అన్నంతో పాటే ఇవ్వండి

ఇది అన్నిటికన్నా ముఖ్యమైన చిట్కా, దయచేసి శ్రద్ధగా చదవండి.

కాఫీ, టీలలో ఉండే టానిన్లలాంటి పదార్థాలు తిండిలోని ఇనుమును పట్టేసుకుని ఒంటికి అందనివ్వవు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో భోజనానికి కనీసం గంట ముందూ, గంట తర్వాతా కాఫీ, టీ తాగొద్దని పెద్దలకే చెప్పింది. అమెరికాలో 1983లో అచ్చయిన ఒక పరిశోధనలో మాంసాహార భోజనంతో పాటు కాఫీ ఇస్తే ఇనుము అందడం 39 శాతం, టీ ఇస్తే 64 శాతం తగ్గింది. భోజనానికి గంట ముందు తాగిన కాఫీతో ఏ తగ్గుదలా లేదు. గంట తర్వాత తాగితే మాత్రం భోజనంతో తాగినంత పనీ చేసింది.

దీన్నిబట్టి మనం నేర్చుకోవాల్సిందేమిటి? గంట ముందు ఇవ్వడం వృథా. భోజనంతోనో, చెయ్యి కడుక్కోగానేనో ఇవ్వాలి. కాఫీ కన్నా టీ బలమైనది. మన తిండి ఎలాగూ అన్నం, పప్పు, ఆకుకూరే. అందులో ఉండే ఇనుము అసలే ఒంటికి తక్కువగా అందే రకం, కనక టీకి పెద్ద పని కూడా పడదు.

బళ్లో పిల్లలకు రాగిజావ పోస్తున్నారు. పల్లీ చిక్కీ పెడుతున్నారు. వారానికోసారి ఇనుము మాత్ర మింగిస్తున్నారు, చిన్నవాళ్లకు గులాబీరంగుది, పెద్దవాళ్లకు నీలంది. ఇదంతా సర్కారు శ్రమ, సర్కారు ఖర్చు. మీరు చేయాల్సింది చాలా చిన్న పని. చిక్కీ ఇంటికి తెచ్చుకుంటే దాంతో పాటే వేడివేడి టీ ఇవ్వండి. సెలవుల్లో వేసుకోమని మాత్రలు ఇంటికిస్తే నీళ్ల బదులు టీతో మింగించండి. గొంతులో చేదు కూడా ఉండదు, పిల్లాడు పేచీ పెట్టడు. మింగాడా అంటే మింగాడు. కార్డులో రాసుకోవచ్చు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్కల్లో ఆరు నెలల నుంచి అయిదేళ్లలోపు పిల్లల్లో రక్తహీనత దేశం మొత్తమ్మీద 67 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 63, తెలంగాణలో 70. ఈ అంకెలు చూసి కంగారుపడే తల్లులున్నారు. కంగారెందుకు? పదిమందితో పాటు మనం. బడిలో సగానికి పైగా పిల్లలు మీ వాడిలాగే మెట్లెక్కి ఆయాసపడుతుంటే మీ వాడు ప్రత్యేకంగా కనిపించడు. ఆటల పీరియడ్‌లో గట్టు మీద కూర్చుంటాడు, మోకాళ్లు దోక్కుపోవు, చెప్పులు అరగవు. ఇంటికొచ్చాక పుస్తకం ముందు పెట్టుకుని గోడకానుకుని ఉంటాడు. పక్కింటివాళ్లు "ఎంత నెమ్మదస్తుడండీ" అంటారు. ఆ పొగడ్త మీరు తీసుకోండి.

7. "నల్లబడతావు" అన్న మాట జాగ్రత్తగా వాడండి

కాఫీ తాగితే నల్లబడతారని మన ఇళ్లలో పిల్లలను భయపెట్టడం రివాజు. పొట్టిగా ఉండిపోతారని ఇంకో మాట. రెండూ నిజం కావు. రెండోదాన్ని బాగా ప్రచారం చేసినవాళ్లలో సి.డబ్ల్యు. పోస్ట్ అనే అమెరికా వ్యాపారి ఒకడు. ఆయన 1895లో పోస్టమ్ అనే ధాన్యపు పొడి తయారుచేసి, అది అమ్ముకోవడానికి కాఫీని తిడుతూ ప్రకటనలు వేయించాడు.

ఈ సంగతి మీకు రెండువిధాలా లాభం. మీ గ్లాసులో వాటా ఇవ్వడం ఇష్టంలేని రోజున "నల్లబడతావ్, పో" అని తరిమేయండి. ఇవ్వాలనిపించిన రోజున, అంటే ఇంట్లో పాలు ఎక్కువ మిగిలినప్పుడో, ఫోన్లో ముఖ్యమైన మాట నడుస్తున్నప్పుడో, "అదంతా ఉత్తదేరా, తాగు" అని పోయండి. ఆరేళ్లకే పిల్లాడికి ఒక గొప్ప విషయం అర్థమవుతుంది: ఒంటికి మంచిదనీ చెడ్డదనీ అమ్మానాన్నలు చెప్పేదేదీ పట్టించుకోనక్కర్లేదు. ఆ తర్వాత మీరు కూరగాయల గురించీ, పళ్లు తోముకోవడం గురించీ గొంతు చించుకోవాల్సిన అవసరమే ఉండదు. చెప్పినా వినడు కనక మానేయొచ్చు.

ఇంకా ఎవరైనా నల్లబడతాడని అంటే మీ పిల్లాడి మొహం చూపించండి. ఆరో చిట్కా సరిగ్గా పాటించి ఉంటే పెదవులు కూడా తెల్లగా పాలిపోయి ఉంటాయి. అంతకన్నా రుజువేం కావాలి?

8. కూలి కింద ఇవ్వండి

పిల్లలతో పని చేయించుకోవడానికి డబ్బులిస్తే ఖర్చు, చాక్లెట్లిస్తే పళ్లు పుచ్చిపోతాయని దంతవైద్యుడు తిడతాడు. టీ అయితే ఎలాగూ కాస్తున్నదే. ఎక్కాలు అప్పజెబితే అర గ్లాసు. చెల్లిని ఆడిస్తే అర గ్లాసు. నాన్న చొక్కా ఇస్త్రీ బండి దగ్గర్నుంచి తెస్తే నిండు గ్లాసు.

అన్నిటికన్నా మంచిది టీ తెమ్మని పంపడం. చుట్టాలొచ్చినప్పుడు ఇంట్లో కాయడం దండగ. వీధి చివరి టీకొట్టుకు పంపండి. కొట్టతను పల్చటి ప్లాస్టిక్ కవర్లో వేడివేడి టీ పోసి, దారంతో మూతి బిగించి, చిన్న కాగితం కప్పులు పేర్చి ఇస్తాడు. పిల్లాడు ఆ కవరు చివర పట్టుకుని, అది తొడకు తగిలి చురుక్కుమనకుండా చెయ్యి దూరంగా చాపి నడుస్తాడు. మలుపు దగ్గర ఆగి, ఒక కప్పులో కాస్త వంచుకుని తాగుతాడు. ఇంటికి తెచ్చేసరికి నాలుగు టీలు మూడున్నర అవుతాయి. అడగకండి. వాడు తన కూలి తనే తీసుకున్నాడు. చెప్పకుండా తీసుకోవడం, తీసుకోలేదని ముఖం మీద చెప్పడం రెండూ ఒకే రోజు నేర్చుకున్నాడు. ఈ చదువు ఏ బళ్లోనూ దొరకదు.

9. సాయంత్రం ఏడింటి తర్వాత ఇవ్వండి

ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు రోజుకు తొమ్మిది నుంచి పన్నెండు గంటల నిద్ర కావాలంటారు నిద్ర నిపుణులు. అంతసేపు నిద్రపోతే ఇక బతికేదెప్పుడు? కెఫీన్ పెద్దవాళ్ల ఒంట్లో సగానికి తగ్గడానికే సుమారు అయిదు గంటలు పడుతుంది. ఏడింటికి గ్లాసు కాఫీ ఇస్తే అర్ధరాత్రికి కూడా సగం లోపలే ఉంటుంది. దీన్ని సద్వినియోగం చేసుకోండి.

పదింటికి పిల్లాడు మంచం మీద ఎగురుతాడు. పదకొండింటికి "నిద్ర రావట్లేదు నాన్నా" అంటాడు. ఫోను చేతిలో పెట్టేయండి, మీరు పడుకోండి. పొద్దున ఆరింటికి లేపితే లేవడు. కళ్లు తెరవడు, కాళ్లు నేలకు ఆనించడు. అప్పుడు మంచం దగ్గరికే కాఫీ పట్టుకెళ్లండి. వాసనకు ఒక కన్ను తెరుస్తాడు. ఆటో హారను కొడుతుండగా గడగడా తాగేసి బ్యాగు తగిలించుకుంటాడు. బడిలో తూగుతాడు, ఇంటికొచ్చి నీరసంగా ఉందంటాడు, నీరసానికి టీ ఇస్తారు, టీకి నిద్ర పట్టదు. ఇలా చక్రం ఒకసారి తిరగడం మొదలైందంటే మీరు చెయ్యి పెట్టనక్కర్లేదు, దానంతటదే తిరుగుతుంది.

టీచరు పిలిపించి "క్లాసులో నిద్రపోతున్నాడు" అంటే తడబడకండి. "రాత్రి చాలాసేపు చదివాడండీ" అనండి.

10. పదో తరగతిలో ఫ్లాస్కు కొనండి

మార్చి పరీక్షలు దగ్గరపడేసరికి ప్రతి ఇంట్లోనూ కాఫీకి గౌరవం పెరుగుతుంది. అంతవరకు దొంగచాటుగా సాగినదంతా ఇప్పుడు బాహాటంగా చేయొచ్చు. ఇంటరూ, ఈఏపీసెట్టూ అయితే ఇక అడిగే నాథుడే లేడు. లీటరు ఫ్లాస్కు కొని, రాత్రి తొమ్మిదింటికి నింపి, టేబుల్ మీద పెట్టి మీరు హాయిగా పడుకోండి. అర్ధరాత్రి లేచి పాలు వెచ్చబెట్టి ఇవ్వడం, పిల్లాడి పక్కన కూర్చోవడం, ఏ పాఠం అర్థం కాలేదో అడగడం, ఏడాది పొడవునా రోజుకో గంట చదివించడం, ఇవన్నీ ఆ ఫ్లాస్కుతో తప్పిపోతాయి.

ఇక్కడ లెక్కలు చెప్పి భయపెట్టేవాళ్లుంటారు. పోషకాహార సంస్థ లెక్క ప్రకారం 150 మి.లీ. డికాషన్ కాఫీలో 80 నుంచి 120 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. ఇన్‌స్టంట్ కాఫీలో 50 నుంచి 65, టీలో 30 నుంచి 65. పెద్దవాళ్లకే రోజుకు 300 దాటొద్దంటారు. కెనడా ప్రభుత్వం పిల్లలకు ఇంకా పిసినారి లెక్క కట్టింది. నాలుగు నుంచి ఆరేళ్లవాళ్లకు రోజుకు 45, ఏడు నుంచి తొమ్మిదేళ్లవాళ్లకు 62.5, పది నుంచి పన్నెండేళ్లవాళ్లకు 85. ఆ లెక్కన రెండో క్లాసు పిల్లాడికి మన ఇంట్లో ఒక్క కప్పు చిక్కటి కాఫీ పోస్తే రోజు వాటా దాటిపోయినట్టే. అది కెనడాలో. అక్కడ చలి. మన దగ్గర ఎండకు చెమట పడుతుంది, చెమటలో అంతా పోతుంది అని చెప్పండి. ఎదుటివాళ్లు సైన్సు చదివినవాళ్లయితే ఈ మాట చెప్పకండి, "మా తాతగారు నాలుగేళ్లప్పటి నుంచి తాగి తొంభై ఏళ్లు బతికారు" అనండి. తాతను ఎవరూ కాదనలేరు.

పరీక్ష హాల్లో వేళ్లు వణికి రాత వంకరపోయినా, గుండె దడదడలాడినా అది పరీక్ష భయమే. మార్కులు తగ్గితే పేపరు కష్టంగా ఇచ్చారు.

11. తలనొప్పికి దిష్టి తీయండి

రోజూ తాగే పిల్లాడికి ఒకరోజు అందకపోతే పన్నెండు గంటల నుంచి ఒక రోజులోపు తలనొప్పి మొదలవుతుంది. చిరాకు, మగత, ఎవరేమన్నా కసురుకోవడం. పెళ్లికెళ్లిన చోట కాఫీ ఆలస్యమైతే ఈ వేషం చూడొచ్చు. నుదురు పట్టుకుని అమ్మ ఒళ్లో పడుకుంటాడు.

కారణం వెతకొద్దు. "పట్టుచొక్కాలో ముద్దొచ్చాడుగా, అందరి కళ్లూ వాడిమీదే" అని అక్కడే ఉప్పూ మిరపకాయలూ తెప్పించి మూడుసార్లు తిప్పి దిష్టి తీయండి. తర్వాత నీరసపడ్డాడని ఒక కప్పు కాఫీ తాగించండి. అరగంటలో లేచి కుర్చీల మధ్య పరిగెత్తుతాడు. దిష్టి ఎంత బలంగా తగిలిందో, ఎంత చక్కగా పోయిందో చుట్టూ ఉన్న ఆడవాళ్లందరికీ చెప్పండి. మీ చేతి మహిమకు పేరొస్తుంది. వచ్చే పెళ్లిలో మిమ్మల్నే పిలుస్తారు.

12. డాక్టరు దగ్గర ఎలా మాట్లాడాలి

ఏదో ఒకరోజు వెళ్లక తప్పదు. ఆకలి లేదు, బరువు పెరగడం లేదు, ఆయాసం. డాక్టరు పిల్లాడి కింది రెప్ప లాగి చూస్తాడు. ఎర్రగా ఉండాల్సినచోట కాగితంలా ఉంటుంది. గోళ్లు నొక్కి చూస్తాడు. రక్తపరీక్ష రాస్తాడు. తర్వాత అసలు ప్రశ్న వేస్తాడు: "కాఫీ, టీ ఇస్తున్నారా?"

"అబ్బే, మేమివ్వమండీ" అనాలి. ఇది నిజం. గ్లాసు నిండా మీరెప్పుడూ ఇవ్వలేదు, అడుగు గుక్కే. నానమ్మ ఇచ్చింది, తాతయ్య పోశాడు, కొట్టు దగ్గర వాడే తాగాడు. పిల్లాడు నోరు తెరిచి "పొద్దున రెండుసార్లు తాగాను డాక్టరంకుల్" అనే ప్రమాదం ఉంది కాబట్టి లోపలికి వెళ్లేముందే వాడి చేతికి ఫోనివ్వండి. అయినా అనేస్తే నవ్వేసి, "పాలండీ, వాడు పాలనే కాఫీ అంటాడు" అని సర్దేయండి. మూడో చిట్కా ఇక్కడ అక్కరకొస్తుంది.

ఐరన్ సిరప్ రాస్తాడు, మూడు నెలలు వాడమంటాడు. సీసా కొనండి, బిల్లు దాచండి. పోయడం మర్చిపోయిన రోజుల గురించి బెంగ వద్దు, గుర్తున్న రోజున టీ తాగాక పోస్తే రెండూ ఒక్కటే. మూడు నెలల తర్వాత రక్తం పెరగలేదంటే ఆ డాక్టరు మందు పనిచేయలేదని వేరే డాక్టరును చూసుకోండి. కొత్త డాక్టరుకు పాత విషయాలేవీ తెలియవు, మళ్లీ మొదటినుంచి "మేమివ్వమండీ" అనొచ్చు.

ఆస్పత్రి గేటు ఎదురుగా టీకొట్టు ఎలాగూ ఉంటుంది. సూది గుచ్చారని పిల్లాడు ఏడుస్తుంటాడు. ఇద్దరున్నారని రెండు టీలు చెప్పి డబ్బులు పారబోయకండి. వన్ బై టూ చెప్పండి, వాడి కప్పులో చక్కెర ఎక్కువ వేయమనండి.